బాలన్న మేకలు

బాలన్న సంచిలో పదిహేను ఎర్ర రాళ్ళు ఉండాలి. ఇన్‌స్పెక్టర్ వాటిని బల్ల మీద గుమ్మరించి, వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. ఇరవై రెండు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ ఇరవై రెండే.

"నావి పదిహేనే సార్" అన్నాడు బాలన్న. "కడమయి నాకెర్క లేదు."

ఆ ఏడు రాళ్ళు ఆ సంచిలోకి ఎలా వచ్చాయో తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. గోడకు ఆనుకుని నిలబడి, నా బూటు లేసు వైపు చూస్తూ ఉండిపోయాను. ఇంకో మూడు రోజుల్లో బాలన్న ఇంటికి పోవాలి. ఇరవై ఆరేళ్ళ తర్వాత, మళ్ళీ తిరిగి రానక్కర్లేకుండా, ఫైనల్ ఎగ్జిట్ మీద.

యాన్బు దాటి ఎర్రసముద్రం తీరం వెంట దక్షిణానికి పోతే, రిఫైనరీల పొగగొట్టాలు కనుమరుగయ్యాక ఒక దిబ్బ వస్తుంది. ఇసుక, ముళ్ళ తుప్పలు, విరిగిన గవ్వలు. పంతొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, అలాంటి దిబ్బలు ఎన్నో చూశాను, ఒక్కదాని ముందూ ఆగలేదు. దీని కింద మాత్రం పాత రేవు ఊరు ఉందని ఎవరో తేల్చారు. యూరప్ నుంచి ఒక ప్రొఫెసరమ్మ తన మనుషులతో వచ్చి తవ్వకం పెట్టింది. ప్లాంట్లు శుభ్రం చేసే మా కంపెనీ నుంచి పదకొండు మందిని కూలికి పంపారు. వాళ్ళలో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ బాలన్నా.

ఆమెను అందరూ డాక్టర్ అంటుంటే విని, బాలన్న మొదటి వారమే పోయి తన మోకాలు చూపించాడు. ఆమె వంగి శ్రద్ధగా చూసి, చచ్చి వెయ్యేళ్ళయిన మోకాలైతే తను ఏమైనా చెప్పగలనని రిజ్వానాతో చెప్పించింది. అప్పటి నుంచి మాకామె డాక్టరమ్మ.

రిజ్వానా అంటే దొరికిన ప్రతి వస్తువుకూ నంబరు వేసి రాసుకునే అమ్మాయి. పుట్టింది, పెరిగింది జెద్దాలో. తల్లిది నిజామాబాద్. మాతో తెలుగు, బీహారువాళ్ళతో ఉర్దూ, డాక్టరమ్మతో ఇంగ్లీషు, ఇన్‌స్పెక్టర్‌తో అరబ్బీ. మా అందరికీ నోరూ చెవీ ఆమే.

నేను ఏడో తరగతి సగంలో బడి మానినవాణ్ణి. పారతో మట్టి తీస్తే కూలివాడు, అదే మట్టిని బ్రష్షుతో తీస్తే పండితుడు అనే సంగతి నాకు ఆ దిబ్బ మీదే తెలిసింది. మొదటి నెలంతా నాకదే మంట. కుండపెంకు దొరికితే నలుగురు చేరి మురిసిపోయేవాళ్ళు. మా ఊళ్ళో కుమ్మరివాడు బతికుండగా అతని కుండ వంక ఒక్కడూ చూడలేదు. అతను బొంబాయిలో వాచ్‌మన్‌గా పోయాడు.

తవ్వకంలో ఒకటే రూలు. రాయైనా, పెంకైనా, ఎముకైనా కనపడితే ముట్టకూడదు. చెయ్యెత్తి నిలబడాలి. రిజ్వానా వస్తుంది, ఫోటో తీస్తుంది, టేపు పెట్టి కొలుస్తుంది, అప్పుడే దాన్ని కదపాలి. వస్తువు కన్నా అది ఉన్న చోటు ముఖ్యమని డాక్టరమ్మ రోజూ చెప్పేది. చోటు పోయిన వస్తువు బజారులో దొరికే వస్తువుతో సమానమట. నేను వినీ విననట్టు ఊరుకునేవాణ్ణి.

బాలన్న నాకన్నా పదేళ్ళు పెద్ద. నాది కోరుట్ల పక్క, ఆయనది జగిత్యాల పక్క. నేను కొత్తగా వచ్చి రియాద్‌లో దిక్కులు చూస్తున్నప్పుడు, అక్కడి మలాజ్ వాడలో పాత ఇళ్ళకు ప్లాస్టర్ చేసే పనిలో నన్ను పెట్టుకుని చేతికి తాపీ ఇచ్చింది ఆయనే. మొదటి రోజే ఇసుక చిటికెడు నా నాలుక మీద వేశాడు. ఉప్పగా ఉందా లేదా చెప్పమన్నాడు. సముద్రపు ఇసుక కలిస్తే గోడను ఎంత కడిగినా లోపలి నుంచి ఉప్పు పొంగుతుంది, తెల్లగా బూజులా లేస్తుంది, ఆరు నెలల్లో ప్లాస్టర్ రాలి నీ మొహాన పడుతుంది అని చెప్పాడు. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు మారినా ఆయన ఎక్కడుంటే నేనూ అక్కడే చేరేవాణ్ణి.

ఆయనకున్న సరదా ఒకటే, పులి-మేక. చెక్క మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకున్నాడు. మూడు పులులకు మూడు ఇనుప నట్లు, పదిహేను మేకలకు పదిహేను ఎర్ర రాళ్ళు. ఆ రాళ్ళు ఆయన భార్య ముత్యవ్వవి. ఆమె తండ్రి కొత్తగూడెం బొగ్గుబాయిలో పని చేసేవాడు. అక్కడ గుట్ట కింద వాగులో వాన పడ్డాక ఎర్ర రాళ్ళు తేలుతాయి, చిన్నప్పుడు ఏరుకునేదట. చింతగింజంత, రేగిపండంత. మామూలుగా చూస్తే నల్లగా, మొరటుగా ఉంటాయి. ఎండకు అడ్డం పట్టి చూస్తే లోపల ఎర్రటి నిప్పు కనిపిస్తుంది. పెళ్ళయ్యాక రవికె గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టి, రాళ్ళు అందులో వేసి ఆయన చేతికిచ్చింది. ఇరవై ఆరేళ్ళు ఆ సంచి ఆయన మంచం పక్కన మేకుకు వేలాడింది.

మధ్యాహ్నం తిండి అయ్యాక ఐదో గుంత అంచున టార్పాలిన్ నీడలో ఆడుకునేవాళ్ళం. ఒకరోజు నా రెండు పులుల్ని కట్టేశాడు. నువ్వు వరస తప్పి మేకను జరిపావన్నాను. జరపలేదన్నాడు. నేను రూలు చెప్పబోయాను.

"ఏడో తర్గతి గూడ దాటలే గని, ఆట కాడ మాత్రం వకీల్ లెక్క మాట్లాడ్తవ్" అని నవ్వాడు.

పక్కన బీహారువాళ్ళు అర్థం కాకపోయినా నవ్వారు. నేను చెయ్యి విసిరి చెక్కను తోసేశాను. రాళ్ళన్నీ ఎగిరి గుంతలో పడ్డాయి. బాలన్న ఆ మోకాలుతోనే మెట్లు దిగి, ఇసుకలో చేతులు పెట్టి ఏరుకున్నాడు. ఎన్ని దొరికాయో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు లేవు. ఒకే గదిలో పడుకున్నాం, ఒకే పళ్ళెంలోంచి రొట్టె తీసుకున్నాం, మాట్లాడుకోలేదు.

రెండు వారాలకు అదే గుంతలో, గోడ మొదట్లో మూల ఊడ్చే పని నాకు పడింది. పడిపోయిన సున్నపు పెచ్చు ఒకటి లేపాను. దాని కింద ఎర్ర రాళ్ళు. ఏడు.

అవి చూడగానే నాకు తోచింది ఒకటే, బాలన్న మేకలు. నేను విసిరికొట్టినవి. పెద్దమనిషి దొరికినన్ని ఏరుకుని, దొరకనివాటి గురించి నోరెత్తకుండా ఊరుకున్నాడు. సిగ్గేసింది. చుట్టూ చూశాను. రిజ్వానా రెండో గుంతలో ఉంది. ఏడింటినీ తీసి జేబులో వేసుకున్నాను. సాయంత్రం ఆయన స్నానానికి పోయినప్పుడు మేకుకున్న సంచి మూతి విప్పి లోపల వేసి, మళ్ళీ ముడి బిగించాను. బాకీ చెల్లిపోయిందనుకున్నాను.

ఇక్కడ దాచకూడనిది ఒకటి ఉంది. ఆ ఏడింటిలో ఒకటి మట్టిలో సగం దిగి ఉంది. వేలితో లాగితే రాలేదు, తాపీ మొన పెట్టి లేపాల్సి వచ్చింది. లేపాక అది ఉన్న చోట దాని ఆకారంలో గట్టి గుంట మిగిలింది. రెండు వారాల కింద పైనుంచి పడిన రాయి అలా దిగదు. పంతొమ్మిదేళ్ళు మట్టితో, సున్నంతో బతికినవాణ్ణి, అంతమాత్రం నాకు తెలియదా? తెలుసు. చూశాను. బ్రష్షుతో ఆ గుంటను పూడ్చేశాను.

తర్వాత నాలుగో రోజున, ఆ మూలలోంచి తీసిన మట్టిని జల్లెడ పడుతుంటే ఒక రాయి మిగిలింది. ఒక్కటి. చింతగింజంత, నల్లగా, మొరటుగా. జల్లెడ పట్టేవాడు చెయ్యెత్తాడు. రిజ్వానా దాన్ని ఎండకు అడ్డం పట్టింది, ఆ వెంటనే డాక్టరమ్మను కేక వేసింది. ఆ మనిషి పరుగెత్తడం మేమెవరమూ అంతవరకు చూడలేదు. రాయిని అరచేతిలో పెట్టుకుని ఆమె ఇసుకలోనే కూర్చుండిపోయింది.

ఆ మధ్యాహ్నం మమ్మల్నందర్నీ టార్పాలిన్ కింద కూర్చోబెట్టి, రిజ్వానా నోటితో సంగతి చెప్పించింది. కూలివాళ్ళకు ఇలాంటివి చెప్పే అలవాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ దేశంలో, దాని ఇరుగుపొరుగు దేశాల్లో పదిహేను వందల ఏళ్ళ నాటి సమాధులు తవ్వుతుంటారట. రాణుల ఛాతీ మీద బంగారు పిన్నులు, సర్దారుల పక్కన కత్తి పిడులు, వాటి నిండా పలుచగా కోసి అతికించిన ఎర్ర రాళ్ళు. రోమ్ రాజ్యం కూలాక యూరప్ అంతా చీకట్లో పడిందనీ, ఎవడి ఊళ్ళో వాడు ముడుచుకుని మొరటుగా బతికాడనీ చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారట. ఆ రాళ్ళను మిషన్లకు చూపించేసరికి లెక్క మారిపోయింది. చాలా రాళ్ళు హిందుస్థాన్‌వని తేలింది. ముడుచుకుని బతికేవాళ్ళ బట్టల మీదికి సముద్రాలు దాటి రాళ్ళెలా వచ్చాయి? పైగా, ఒక వంద నూటయాభై ఏళ్ళు దండిగా వచ్చి, ఆ తర్వాత రాకుండా పోయాయి. అక్కడివాళ్ళు దగ్గర్లో దొరికే చిన్న రాళ్ళతో సరిపెట్టుకున్నారు. ఏ దారిన వచ్చేవి, ఎందుకు ఆగాయి? పదకొండేళ్ళుగా ఆమె ఈ ఎర్రసముద్రం ఒడ్డున వెతుకుతున్నది దాన్నే.

"ఆళ్ళ కఫీల్ సచ్చిండేమో" అన్నాడు బాలన్న. రిజ్వానా నవ్వు ఆపుకుని, కఫీల్ అంటే పనివాణ్ణి రప్పించి పూచీ పడే యజమాని అనీ, అతను పోతే కూలివాడి కాగితాలు ఎలా ఆగిపోతాయో డాక్టరమ్మకు వివరించింది. ఆమె నవ్వలేదు. అలా కూడా అయి ఉండొచ్చంది, నిజంగానే.

నేను మాత్రం హిందుస్థాన్‌లో ఎక్కడివని అడిగాను. రిజ్వానా ఇంగ్లీషులో అడిగి, జవాబు విని, కళ్ళు పెద్దవి చేసి నా వైపు తిరిగింది. రెండు మూడు చోట్లున్నాయట, వాటిలో ఒకటి తెలంగాణలో, కొత్తగూడెం దగ్గరి గుట్ట.

బాలన్న నోట్లో ఖర్జూరం ఉంది. నమలడం మానేశాడు. జేబులోంచి ఫోన్ తీసి, ముత్యవ్వతో మాట్లాడించమంటారా అని అడిగాడు. అందరూ నవ్వారు. సంచిలో అవే రాళ్ళున్నాయని చెప్పబోయి ఆగినట్టు నాకనిపించింది. ఊరికి పోయే ముందు ఏ గొడవా వద్దనుకున్నాడేమో.

డాక్టరమ్మ చివర్లో ఇంకొక మాట చెప్పింది. ఒక్క రాయితో ఏమీ నిలబడదట. ఏ నావికుడి ఉంగరం నుంచో ఊడిపడిందని కొట్టిపారేస్తారట. అదే ఒక్క చోట ఏడో ఎనిమిదో కలిసి దొరికి ఉంటే అది ఉంగరం కాదు, సరుకు. సరుకైతే ఇది ఆ దారిలో రేవు.

ఏడో ఎనిమిదో. ఏడు నా చేతిలోంచి పోయాయి. ఎనిమిదోది ఆమె అరచేతిలో ఉంది.

సాయంత్రం గదికి పోయి సంచి తీద్దామనుకున్నాను. మేకు ఖాళీగా ఉంది. బాలన్న పెట్టె సర్దేసి, తాడు కట్టి, దాని మీదే కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. అన్నా, సంచి ఒకసారి ఇయ్యి, అంటే చాలు. ఐదు మాటలు లేవు. రేపు చెబుదామని దుప్పటి కప్పుకున్నాను.

రేపు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తవ్వకం నుంచి ఎవరు శాశ్వతంగా పోయినా ప్రభుత్వం తరఫు మనిషి ముందు పెట్టె విప్పి చూపించాలి, అది కాంట్రాక్టులోనే ఉంది. ఆయన మర్యాదస్తుడు. బాలన్నకు కుర్చీ వేయించాడు, గావా కాఫీ పోయించాడు. తర్వాత సంచి విప్పాడు.

ఇరవై రెండు రాళ్ళ పక్కన జల్లెడలో దొరికిన రాయిని పెట్టారు. ఏ తేడా లేదు. కళ్ళకే కాదు, మిషన్‌కు చూపించినా అన్నీ ఒకే గుట్టవని చెబుతుంది తప్ప ఏది ఎప్పుడు వచ్చిందో చెప్పదని డాక్టరమ్మ అంది. ఆమె మొహం పాలిపోయి ఉంది. బాలన్న వైపు కోపంగా కూడా చూడటం లేదు, నమ్మలేనట్టు చూస్తోంది. కేసు రాయాల్సి వస్తుందనీ, తేలేదాకా ఎగ్జిట్ ఆగుతుందనీ, తేలకపోతే జైలు కూడా ఉండొచ్చనీ ఇన్‌స్పెక్టర్ మెల్లగా చెప్పాడు. రిజ్వానా దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు గొంతు తగ్గించింది.

బాలన్న నన్ను ఒక్కసారి చూశాడు. అనుమానంతో కాదు. గదిలో తన భాష మాట్లాడేవాడు ఇంకెవరున్నారని చూశాడు, అంతే.

మధ్యాహ్నం దాకా ఆయన్ని ఆఫీసు కంటెయినర్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేను బయట నీడలో కూర్చున్నాను. ఆయన ముత్యవ్వకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకపోతే ఆయనకు వినపడదు. రెండు రోజులు అటూ ఇటూ అవుతుందనీ, ఏదో కాగితం పని మిగిలిందనీ చెప్పాడు. ఆమె నమ్మినట్టు లేదు.

"నాగేందర్ లేడా ఆడ?" అంది ముత్యవ్వ. "ఆయినకు జెప్పు. ఆయిన జూస్కుంటడు."

నాగేందర్‌ను నేనే. ఆమెను నేను నాలుగుసార్లు చూశానేమో. రెండుసార్లు అన్నం పెట్టింది. బాలన్న "ఉన్నడు" అని ఫోన్ పెట్టేశాడు.

లేచి లోపలికి పోయాను. ఇన్‌స్పెక్టర్, డాక్టరమ్మ, రిజ్వానా ముగ్గురూ బల్ల దగ్గరున్నారు. ఆ ఏడు రాళ్ళూ నేనే తీశాను, నేనే సంచిలో వేశాను అని చెప్పాను. పులి-మేక సంగతి, గొడవ సంగతి, రాళ్ళు విసిరిన సంగతి అన్నీ చెప్పాను. రిజ్వానా ఒక్కొక్క వాక్యం అరబ్బీలోకి, ఇంగ్లీషులోకి మారుస్తుంటే నా జీవితంలోని చిల్లర గొడవ మూడు భాషల్లో వినపడింది.

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. స్నేహితుణ్ణి కాపాడుకోవడం మంచి గుణమే అన్నాడు.

"నాగేందర్ భాయ్" అంది రిజ్వానా, "మీరు ఆ రాళ్ళు బాలన్నవే అనుకున్నరు, సరే. వాటిల ఏదన్న ఒకటి తేడాగా అనిపించలేదా మీకు?"

అప్పుడు చెప్పాను, సగం దిగిన రాయి సంగతి. తాపీ మొనతో లేపిన సంగతి. గుంటను పూడ్చిన సంగతి.

అది ఇంగ్లీషులోకి మారేసరికి డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత అడిగింది ఒకటే, ఆ రాయి మొన ఏ వైపుకు ఉంది అని. గోడ వైపుకు అన్నాను. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం చూస్తే, ఆమె నన్ను చెప్పుతో కొట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

నమ్మిందని తెలిసింది. కానీ ఇన్‌స్పెక్టర్‌కు రుజువు కావాలి. ఏవి ఏడు, ఏవి పదిహేను?

నా నాలుక మీదికి ఉప్పు రుచి వచ్చింది. నిజంగానే, పంతొమ్మిదేళ్ళ కిందటి మలాజ్ ఇసుక రుచి. గుట్ట కింది వాగు మంచినీళ్ళది. ఈ దిబ్బ మట్టి ఉప్పుమట్టి. మొరటు రాయికి సన్నని పగుళ్ళుంటాయి. ఇన్ని వందల ఏళ్ళు ఈ మట్టిలో ఉన్న రాయి పగుళ్ళలోకి ఉప్పు దిగకుండా ఉండదు. బాలన్న చేతి చెమట పైపైనే ఉంటుంది, కడిగితే పోతుంది. లోపలి ఉప్పు కడిగినా పోదు, మెల్లగా పొంగుతుంది. ఇదంతా చెప్పాను. రిజ్వానా సగంలోనే ఆపి, కుండపెంకులకు తాము రోజూ చేసేది అదేనంది. ఉప్పు లేని నీళ్ళు డబ్బాల కొద్దీ ఉన్నాయంది.

ఇరవై రెండు రాళ్ళను సబ్బుతో తోమి, మూడు నీళ్ళలో కడిగారు. ఇరవై రెండు చిన్న గ్లాసులు, ఒక్కోదాని మీద నంబరు. ఒక్కో రాయి ఒక్కో గ్లాసులో. గదికి ఇన్‌స్పెక్టర్ తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడు.

మరుసటి రోజు పదకొండు గంటలకు తాళం తీశారు. బాత్రూం పనిలో మిగిలిన నల్ల టైలు ఒకటి తెచ్చి ఎండలో పెట్టాను. రిజ్వానా ఒక్కో గ్లాసులోంచి ఒక్కో చుక్క తీసి వరసగా టైలు మీద వేసి, పక్కన నంబర్లు రాసింది. అందరం చుట్టూ నిలబడ్డాం. బాలన్నను కూడా తీసుకొచ్చారు. ఆయన కుర్చీ వద్దన్నాడు.

చుక్కలు ఆరడం మొదలైంది. నాలుగో నంబరు చుట్టూ తెల్లటి గీత వచ్చింది. సున్నపు వేలితో గీసినట్టు. తర్వాత తొమ్మిది. పదకొండు, పన్నెండు. పదిహేడు. ఇరవై.

ఆరు.

అక్కడ ఆగిపోయింది. మిగతా చుక్కలన్నీ ఆరిపోయాయి, టైలు నల్లగా మెరుస్తోంది. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. ఆరు నేను తీసినవైతే ఏడోది ఎక్కడ అని ఆయన అడగలేదు, అడిగినట్టే ఉంది. నేను ఏడని చెప్పిన మాట అబద్ధమైతే మిగతా మాటలన్నీ అబద్ధమే.

"సగం దిగింది పెద్దదా, చిన్నదా?" అన్నాడు బాలన్న. మూడు వారాల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట.

"పెద్దది" అన్నాను.

"గట్టిది గావొచ్చు. లేటుగ ఇడుస్తది. ఇంకో సుక్క ఎయ్యున్రి."

అన్నిటిలో పెద్ద రాయి రెండో నంబరు గ్లాసులో ఉంది. రిజ్వానా అడుగు నుంచి నీళ్ళు తీసి, ఒక చుక్క ఆరాక దాని మీదే ఇంకోటి, అలా ఐదు చుక్కలు వేసింది. మిగతా పదిహేనింటికీ అలాగే వేసింది, ఒకదానికే వేస్తే న్యాయం కాదంది. ఎండ నడినెత్తికి వచ్చింది. రెండో నంబరు చుట్టూ సన్నగా, వెంట్రుక మందాన తెల్ల గీత లేచింది. పదిహేను నల్లగానే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి, వేలు తడిచేసి ఆ గీత మీద అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. బాలన్న చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. మార్చి చెప్పక్కర్లేకపోయింది.

బాలన్న ఎగ్జిట్‌కు అడ్డు తొలగింది. నన్ను తవ్వకంలోంచి తీసేశారు, వారం చివర యాన్బు ప్లాంటు పనికి పొమ్మన్నారు. దొంగతనం కాదు, నిర్లక్ష్యం అని రాశారు. సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నన్ను ఐదో గుంతలోకి పిలిచింది. చేతిలో ఏడు అగ్గిపుల్లలు పెట్టింది. ఏ రాయి ఎక్కడుందో అక్కడ గుచ్చమంది. మొదటిది గుచ్చాను, సగం దిగిన రాయి చోటు, చీకట్లోనైనా చూపిస్తాను. ఇంకో నాలుగు గుచ్చాను. రెండు చేతిలో మిగిలాయి. ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. ఆ రోజు నా కళ్ళు రాళ్ళ మీద లేవు, రిజ్వానా ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. ఎక్కడో ఒకచోట గుచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ రెండు పుల్లలూ ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాను.

ఆమె ఐదింటికీ టేపు పెట్టి కొలుచుకుంది. కొలుస్తూనే రిజ్వానాతో చెప్పింది, ఇవి రాసినా లాభం లేదని. ఉప్పు గీతలు ఇన్‌స్పెక్టర్‌కు చాలాయి కానీ, పండితులకు రాయి ఉన్న చోటు మనిషి ముట్టకముందే రాసి ఉండాలట. అదే గుట్ట నుంచి వచ్చిన కూలివాళ్ళు అదే రాళ్ళతో అదే గుంత అంచున ఆటలాడారని ఒక్క ముక్క రాస్తే చాలు, చదివేవాళ్ళు నవ్వుతారు. ఆ ముక్క రాయకుండా ఉండటం ఆమె వల్ల కాదు. జల్లెడలో దొరికిన ఒక్క రాయి గురించే రాస్తుందట, ఒక్క రాయి ఉంగరం నుంచి ఊడిందే అవుతుంది. పదకొండేళ్ళు. టేపు చుట్టుకుని, మట్టి దులుపుకుని మెట్లెక్కింది.

మూడో రోజు పొద్దున కంపెనీ బండి వచ్చింది. పోల్చి చూడటానికి ఒక రాయి ఇస్తావా అని డాక్టరమ్మ అడిగితే, బాలన్న సంచిలోంచి మంచిది చూసి ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది. పెట్టె నేనే బండిలో పెట్టాను.

"పద్నాలుగు మేకలే మిగిలినయ్" అన్నాడు. "నీ పులులు ఇగ గెలుస్తయ్ తియ్."

నేను నవ్వబోయాను. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు, మోకాలి మీద బరువు లేకుండా ఒక పక్కకు ఒరిగి.

"ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. అది మట్టిల దిగి ఉన్నది. నా కాడ పని నేర్సినోనివి, సూడంగనే ఎర్కయితది. శెయ్యెత్తకుంట ఎందుకు తీసినవ్‌రా?"

మూడు రోజులుగా ఇన్‌స్పెక్టర్ అడగలేదు, డాక్టరమ్మ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. జవాబు మాత్రం నోట్లోనే సిద్ధంగా ఉంది.

"శెయ్యెత్తితే రిజ్వానా మేడం వచ్చి ఇవి ఎవరియని అడుగుతది" అన్నాను. "నీతోటి మాట్లాడాల్సొస్తది."

బాలన్న నన్ను చూశాడు, నా వెనక ఐదో గుంత మీద టార్పాలిన్‌ను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఏదో ఒక ఎకసెక్కం ఆడతాడని ఎదురుచూశాను. ఆడలేదు. మెల్లగా బండెక్కి, రవికె గుడ్డ సంచిని ఒళ్ళో పెట్టుకుని, తలుపు తనే వేసుకున్నాడు.